జీవితాన్ని తేలిక చేసుకోవడం, తనను తాను తెలుసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో సామాను, రోజులో పనులు తగ్గించుకోవడం మొదలుపెట్టి తొమ్మిదేళ్లయింది. తెలిసినవాళ్లు, వాళ్ల ద్వారా విన్నవాళ్లు ఇన్నేళ్లుగా నన్ను అడుగుతున్న సందేహాలు దాదాపు ఒకటే. ఒకరికి చెప్పిందే ఇంకొకరికి చెబుతూ వచ్చాను. అందుకే వాటన్నిటినీ ఒకచోట రాసి పెడుతున్నాను. వరసగా చదవక్కర్లేదు. మీ సందేహం ఎక్కడుందో అక్కడికి నేరుగా వెళ్లండి.

## మొదలుపెట్టే ముందు

సింపుల్‌గా బతకడం అంటే అన్నీ వదిలేయడమా?

కాదు. అన్నీ వదిలేయడం సన్యాసం. అది వేరే దారి. ఇక్కడ చేసేది ఒక్కటే: నా జీవితంలో ఉన్న ప్రతిదాన్నీ పట్టుకుని "ఇది ఎవరి కోసం వచ్చింది?" అని అడగడం. నా అవసరానికి వచ్చిందా, నలుగురి కంటికి బాగుండాలని వచ్చిందా, భయంతోనో మొహమాటంతోనో వచ్చిందా? నాకు కావలసింది ఉంటుంది, తక్కినది మెల్లగా జారిపోతుంది.

1936లో రిచర్డ్ గ్రెగ్ అనే అమెరికన్ ఈ పద్ధతికి 'స్వచ్ఛంద నిరాడంబరత' అని పేరు పెట్టాడు. అందులో 'స్వచ్ఛంద' అన్న మాటే ముఖ్యం. లేక సర్దుకోవడం వేరు, ఉండి తగ్గించుకోవడం వేరు. లేమిలో ఉన్నవాళ్ల దగ్గరకు వెళ్లి నిరాడంబరత గొప్పదని చెప్పడం క్రూరత్వం. ఈ మాటలన్నీ అవసరానికి మించి పోగుపడినవాళ్లకే.

వస్తువులు తగ్గిస్తే 'నేనెవరు' అన్నది ఎలా తెలుస్తుంది? రెండింటికీ సంబంధం ఏమిటి?

అన్నిటికన్నా ఎక్కువమంది అడిగేది ఇదే. నేనూ మొదట్లో దీని దగ్గరే ఆగిపోయాను.

మనస్తత్వ శాస్త్రానికి పునాది వేసినవాళ్లలో ఒకడైన విలియం జేమ్స్ 1890లో ఒక సంగతి గమనించి రాశాడు. మనిషికి 'నేను', 'నాది' అన్న రెండిటి మధ్య గీత గీయడం చాలా కష్టం. ఒంటి మీది బట్టలు, ఇల్లు, పేరు, బ్యాంకులో డబ్బు పెరిగితే మనమే పెరిగినట్టు పొంగిపోతాం. అవి తగ్గితే మనమే తరిగిపోయినట్టు కుంగిపోతాం. అంటే మనం 'నేను' అనుకుంటున్న దాంట్లో చాలా భాగం 'నాది' అన్నమాట.

ఇంకా వెనక్కి వెళ్తే పతంజలి యోగసూత్రాల్లో రెండో పాదం 39వ సూత్రం ఉంది. అపరిగ్రహంలో, అంటే పోగుచేసుకోకపోవడంలో స్థిరపడినవాడికి తన జన్మ ఎలాంటిదో బోధపడుతుందని దాని భావం. దానికి వ్యాసభాష్యం ఇచ్చిన వివరణలో నేరుగా ప్రశ్నలే ఉంటాయి: నేనెవరిగా ఉన్నాను, ఎలా ఉన్నాను, ఇదంతా ఏమిటి? కూడబెట్టడం ఆగిన చోటే ఈ ప్రశ్నలు పుడతాయని ఆనాటివాళ్లు గమనించారు.

ఇక నా అనుభవం. సులువుగా ఇచ్చేసిన వస్తువులు నాకు ఏమీ నేర్పలేదు. చేయి ఆగిపోయిన వస్తువులే నేర్పాయి. నా దగ్గర ఒక వయొలిన్ ఎనిమిదేళ్లు పెట్టెలోనే ఉంది. ఇచ్చేద్దామని తీసిన ప్రతిసారీ గొంతులో ఏదో అడ్డుపడేది. ఒక రాత్రి కూర్చుని ఎందుకో రాసుకున్నాను. నాకు సంగీతం మీద ప్రేమ లేదు, సంగీతం తెలిసిన మనిషిగా కనిపించాలన్న కోరిక ఉంది. రాసిన వాక్యం చూసి చాలాసేపు అలాగే ఉండిపోయాను. మర్నాడు దాన్ని నేర్చుకుంటున్న ఒక పిల్లకు ఇచ్చేశాను. ఆ రోజు ఇంట్లోంచి పోయింది ఒక వస్తువే. కానీ నా గురించి నేను ఏళ్ల తరబడి చెప్పుకున్న ఒక కథ కూడా దాంతోపాటు పోయింది. సంబంధం అడిగితే నేను చూపించగలిగేది అదే.

'అసలైన నేను' అనేది నిజంగా లోపల ఉంటుందా?

దీని మీద పెద్దలే ఏకం కాలేదు. తైత్తిరీయోపనిషత్తు మనిషిని ఒకదాని లోపల ఒకటిగా అన్నమయం నుంచి ఆనందమయం దాకా విప్పుకుంటూ వెళ్తుంది. ఈ అయిదు కోశాలకూ, అంటే పొరలకూ, అతీతమైనది ఆత్మ అంటుంది అద్వైతం. వెతికినా అలాంటి శాశ్వతమైన 'నేను' దొరకదని బుద్ధుడు బోధించాడు. ఇది ముందే తేల్చుకుంటే తప్ప మొదలుపెట్టకూడదని ఏమీ లేదు. నేను చేస్తున్నది నాకు నిజంగా కావలసిందా, నలుగురి చూపు కోసమా అన్న తేడా తెలియడం మొదలైతే చాలు. ఆ తేడా ఏ సిద్ధాంతం నమ్మేవాళ్లకైనా పనికొస్తుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒక్క సొరుగుతో. ఇల్లంతా ఒక్క రోజులో పీకి పందిరేస్తే సాయంత్రానికి ఒళ్లు అలుస్తుంది, మనసు విరుగుతుంది. పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఏది ఇవ్వలేకపోయారో, ఎందుకో అందులో రెండు ముక్కలు రాయండి.

ఒక హెచ్చరిక. ముందుగా సర్దుకోవడానికి పెట్టెలు, అరలు కొనకండి. ఏదైనా బాగుచేయమంటే మనుషులు సహజంగా కొత్తది కలపడం గురించే ఆలోచిస్తారని, తీసేయడం చాలాసార్లు తట్టదని 2021లో నేచర్ పత్రికలో వచ్చిన ప్రయోగాలు చూపించాయి. సామాను తగ్గించడానికి సామాను కొనడం అందుకే మనకు వింతగా అనిపించదు.

ఉద్యోగం మానేసి ఏ అడవికో కొండకో వెళ్లిపోవాలా?

అక్కర్లేదు. ఈ మాట వచ్చినప్పుడల్లా అందరూ అమెరికన్ రచయిత హెన్రీ డేవిడ్ థోరోను తలుచుకుంటారు. ఆయన 1845 జూలై 4న వాల్డెన్ చెరువు ఒడ్డున చిన్న గదిలోకి మారాడు. 1847 సెప్టెంబర్ 6న తిరిగి వచ్చేశాడు. రెండేళ్ల రెండు నెలలు. ఆ స్థలం ఆయన స్నేహితుడు ఎమర్సన్‌ది. ఊరు నడిచి వెళ్లేంత దూరం. ఆయన తరచూ ఊళ్లోకి వెళ్లేవాడు, అయినవాళ్లను కలిసేవాడు, ఇంటికి చుట్టాలూ వచ్చేవారు. ఇది విని కొందరు నిరాశపడతారు. నాకైతే ధైర్యం వచ్చింది. మనుషులకు దూరంగా పారిపోకుండానే జీవితాన్ని తేలిక చేసుకుని చూడవచ్చని, చూశాక వెనక్కి రావచ్చని దాని అర్థం. ఉద్యోగం గురించి అయితే, దాన్ని వదలడం చివరి నిర్ణయం కావాలి. మొదటిది కాకూడదు.

నా మనసు అస్సలు బాగోలేదు. ఇప్పుడు మొదలుపెట్టవచ్చా?

ఆగండి. ఇంట్లో ఎవరైనా పోయి కొద్ది నెలలే అయితే, పెళ్లి విడిపోయి గాయం పచ్చిగా ఉంటే, పెద్ద నిర్ణయాలు వాయిదా వేయండి. ఆ సమయంలో ఇచ్చేసినవాటి కోసం తర్వాత ఏడ్చినవాళ్లు నాకు తెలుసు. డిప్రెషన్‌లో ఏ వస్తువూ ఏ మనిషీ అక్కర్లేదనిపిస్తుంది. అది వైరాగ్యం కాదు, జబ్బు లక్షణం. ఇక ప్రాణంగా చూసుకున్నవన్నీ పంచేయాలనిపిస్తూ, బతకాలని లేదన్న ఆలోచన కూడా వస్తుంటే అది అపాయ సూచన. ఆ రోజే డాక్టరుతోనూ దగ్గరి మనిషితోనూ మాట్లాడండి. సామాను ఎక్కడికీ పోదు.

## వస్తువుల దగ్గర

వాడటం లేదని తెలుసు. అయినా ఇవ్వబుద్ధి కావడం లేదు. ఎందుకిలా?

మీరొక్కరే కాదు, మనిషి మనసే అంత. డేనియల్ కానెమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ 1990లో ప్రచురించిన ఒక ప్రయోగంలో కొందరికి మామూలు కప్పులు ఇచ్చి, అమ్మాలంటే ఎంత కావాలని అడిగారు. కప్పు రానివాళ్లను ఎంతకు కొంటారని అడిగారు. కప్పు చేతిలో ఉన్నవాళ్లు అడిగిన ధర, లేనివాళ్లు ఇస్తామన్న దానికి రెట్టింపు దాకా ఉంది. కాసేపు 'నాది' అనుకున్నందుకే అంత విలువ పెరిగింది. మరి పదేళ్లు దగ్గరున్నదాని మాటేమిటి?

దీనికి తోడు పెట్టిన డబ్బు గుర్తొస్తుంది. ఆ డబ్బు కొన్న రోజే పోయింది. ఉంచుకున్నంత మాత్రాన తిరిగి రాదు. నేను వేసుకునే ప్రశ్న ఒకటుంది: "ఇది ఇవాళ నా దగ్గర లేకపోతే, మళ్లీ వెతికి తెచ్చుకుంటానా?" లేదన్న జవాబు తడుముకోకుండా వస్తే ఇచ్చేస్తాను. తడుముకుంటే ఉంచేసి, ఎందుకు తడుముకున్నానో రాసుకుంటాను.

ఇల్లు చిందరవందరగా ఉంటే నిజంగానే టెన్షన్ పెరుగుతుందా?

కొంత ఆధారం ఉంది. 2010లో డార్బీ సాక్స్‌బీ, రెనా రెపెట్టి 60 జంటల మీద చేసిన అధ్యయనం ప్రచురించారు. తమ ఇంటి గురించి చెబుతూ చిందరవందర, మిగిలిపోయిన పనులు అన్న మాటలు ఎక్కువ వాడిన భార్యలలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ సాయంత్రానికి తగ్గాల్సినంతగా తగ్గలేదు. అయితే ఇల్లు అలా ఉండటం వల్ల ఒత్తిడి వచ్చిందా, ఒత్తిడి వల్ల ఇల్లు అలా కనిపించిందా అన్నది దీన్నిబట్టి చెప్పలేం. మీకు మీరే చూసుకోండి: పడుకునే గది ఒక్కటి ఖాళీ చేసి రెండు వారాలు గమనించండి.

చనిపోయినవాళ్ల వస్తువులు ఏం చేయాలి?

తొందరపడకండి. ఇందులో వెనకబడటం అంటూ లేదు.

నాన్న పోయాక ఆయన సామాను రెండు పెట్టెల నిండా నాలుగేళ్లు ఉంచాను. తెరిచేదాన్ని కాదు, తెరిస్తే ఏమవుతానో అని భయం. చివరికి తెరిచినప్పుడు తెలిసింది, అందులో చాలా వస్తువులను ఆయన కూడా ఎప్పుడూ ముట్టుకోలేదని. ఎవరో ఇచ్చిన బహుమతులు, విప్పని పొట్లాలు. వాటిలో నాన్న లేడు. ఆయన రోజూ చెవి దగ్గర పెట్టుకుని కీ ఇచ్చిన గడియారంలో ఉన్నాడు. అది ఇప్పుడు నా బల్ల మీద ఉంది, నేనే కీ ఇస్తున్నాను. పెట్టెల్లో మూసిపెట్టి ఆయన్ను దాచుకున్నాననుకున్నాను కానీ, నిజానికి అన్నేళ్లూ ఆయన్ను చూడకుండా తప్పించుకున్నాను.

వాళ్ల చేయి రోజూ తగిలిన వస్తువు ఒకటో రెండో ఎంచుకోండి. వాటిని పైకి తీసి వాడండి. తక్కినవి ఇచ్చేటప్పుడు వాళ్లను ప్రేమించిన మరొకరిని పక్కన కూర్చోబెట్టుకోండి. వస్తువు చేతులు మారేలోపు దాని కథ ఒకసారి చెప్పుకోండి.

ఎన్ని వస్తువులు ఉంటే సరిపోయినట్టు?

లెక్క లేదు. వడ్రంగికి వంద పనిముట్లూ అవసరమే.

ఖాళీ చేసిన చోటే మళ్లీ నిండిపోతోంది. ఏం చేయను?

ఇల్లు అలకగానే పండగ కాదు. తీసేయడం సగమే, లోపలికి వచ్చే దారిని చూసుకోవడం మిగతా సగం.

ఫ్రెంచి తత్వవేత్త డిడెరో 1769లో తన అనుభవం ఒకటి రాశాడు. ఆయనకు ఖరీదైన కొత్త అంగీ వచ్చింది. దాని పక్కన పాత బల్ల, పాత కుర్చీ వెలవెలబోయాయి. ఒక్కొక్కటీ మార్చాడు. చివరికి తన గదే తనది కానట్టు అనిపించి, పాత అంగీ కోసం బాధపడ్డాడు. 1988లో గ్రాంట్ మెక్రాకెన్ అనే మానవశాస్త్రజ్ఞుడు ఈ గొలుసుకట్టు కొనుగోళ్లకు డిడెరో పేరే పెట్టాడు. కాబట్టి ఏదైనా కొనాలనిపించినప్పుడు అది ఇంకెన్నిటిని వెంట తెస్తుందో చూడండి. కోరిక పుట్టిన తేదీ కాగితం మీద రాసి నెల రోజులు ఆగండి. నా కాగితాల్లో చాలా కోరికలు నెల తిరిగేసరికి నాకే గుర్తులేవు.

## కాలం, పనులు, ఫోన్

నాకు ఖాళీ దొరకడమే లేదు. ఇక నన్ను నేను తెలుసుకునేది ఎప్పుడు?

పని తనకిచ్చిన కాలమంతా ఆక్రమిస్తుందని 1955లో నార్త్‌కోట్ పార్కిన్సన్ అనే బ్రిటిష్ రచయిత రాశాడు. వేగంగా చేస్తే ఖాళీ దొరుకుతుందనుకుంటాం. వేగంగా చేసేవాళ్ల మీదకు ఇంకో పని వస్తుంది. కాబట్టి తగ్గించాల్సింది పనికి పట్టే టైమ్ కాదు, పనుల సంఖ్య. ఈ వారం చేసినవన్నీ రాయండి. ప్రతిదాని పక్కన, అది ఆగిపోతే ఎవరికి ఇబ్బందో ఆ మనిషి పేరు రాయండి. పేరు తట్టని పనులు కొన్ని ఉంటాయి. వాటిలో ఒకదాన్ని వచ్చే వారం మానేసి చూడండి.

పసిపిల్లల్నో మంచాన పడినవాళ్లనో చూసుకుంటున్నవాళ్లకు ఈ సలహా వర్తించదు. మీకు కావలసింది పొదుపు చిట్కాలు కాదు, పని పంచుకునే ఇంకో మనిషి. సాయం అడగడం కూడా బరువు దించుకోవడమే.

మొహమాటం వల్ల ఎవరికీ కాదని చెప్పలేను. ఎలా?

"చూస్తాను" అనడం మానేయండి. ఆ మాట అడిగినవాళ్లను ఆశలో, మిమ్మల్ని అపరాధభావంలో ఉంచుతుంది. "ఈసారి నావల్ల కాదు" అని అప్పుడే చెప్పండి. కారణాల చిట్టా విప్పకండి. మొదటిసారి చెప్పాక గుండె దడదడలాడుతుంది. ఆ దడ ఎందుకో చూడండి. ఎదుటివాళ్లు కష్టపడతారనా, మిమ్మల్ని మంచివాళ్లని అనుకోవడం ఆగిపోతుందనా? నాకు చాలాసార్లు రెండోదే కనిపించింది.

ఫోన్ పూర్తిగా మానేయాలా?

వద్దు. నోటిఫికేషన్లు ఆపేయండి, నిద్ర లేచాక మొదటి గంట దాన్ని ఇంకో గదిలో ఉంచండి. మనసు ఏ ఆలోచనతో మేలుకుంటుందో తెలియాలంటే, ఆ గంటలో ఇతరుల ఆలోచనలు లోపలికి రాకూడదు.

## ఇంట్లోవాళ్లు, నలుగురూ

మా ఇంట్లోవాళ్లకు ఇది నచ్చడం లేదు. ఏం చేయాలి?

మీ బట్టలు, మీ పుస్తకాలు, మీ సమయం. వాటితో ఆగండి. వాళ్ల వస్తువు ఒక్కటి కూడా చెప్పకుండా తీయకండి. ఒక్కసారి తీస్తే ఆ ఇంట్లో మీ మాట మీద నమ్మకం పోతుంది.

ఇంట్లో ఎవరైనా పనికిరాని కాగితం కూడా వదల్లేక, నడిచే దారి లేకుండా పోగుచేస్తుంటే అది మొండితనం కాకపోవచ్చు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో దాన్ని ప్రత్యేక మానసిక సమస్యగా గుర్తించింది. దానికి చికిత్స ఉంది. వాళ్లు లేనప్పుడు ఇల్లు ఖాళీ చేస్తే బాధ ముదురుతుంది తప్ప తగ్గదు.

అందరూ పిసినారి అంటున్నారు.

అననివ్వండి. అయితే ఒకసారి లోపలికి చూసుకోండి. మీ ఖర్చు తగ్గించుకుంటున్నారా, ఎదుటివాళ్లకు ఇవ్వాల్సినదాన్నా? మొదటిది అయితే ఆ మాట మిమ్మల్ని తాకదు.

## ఖాళీ వచ్చాక

అన్నీ తగ్గించాను. హాయిగా ఉండాల్సింది పోయి, భయంగా, వెలితిగా ఉంది. తప్పు చేశానా?

తప్పు కాదు. చాలామంది సరిగ్గా ఇక్కడే భయపడి వెనక్కి వెళ్లిపోతారు, అది చూస్తే నాకు బాధేస్తుంది.

ఖాళీగా కూర్చోవడం మనిషికి ఎంత కష్టమో 2014లో తిమోతీ విల్సన్ బృందం సైన్స్ పత్రికలో ప్రచురించిన ప్రయోగాల్లో కనబడింది. ఒకదాంట్లో మనుషులను 15 నిమిషాలు ఏ పనీ లేకుండా గదిలో ఒంటరిగా ఉంచారు. తమకు తామే చిన్న కరెంటు షాక్ ఇచ్చుకునే మీట మాత్రం ఉంది. 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో ఆరుగురు ఒక్కసారైనా దాన్ని నొక్కారు. ఊరికే ఉండటం కన్నా నొప్పే నయమనిపించింది వాళ్లకు.

సందడి ఉన్నన్నాళ్లూ అడుగున పడి ఉన్నవి ఇప్పుడు పైకి వస్తున్నాయి. చెప్పుకోని దుఃఖం, ఎవరి మీదో కోపం, వృథా అయిపోయాననే బెంగ. నాకు మొదటి రెండు నెలలు సాయంత్రాలు చాలా కష్టంగా గడిచాయి. రోజుకు పది నిమిషాలతో మొదలుపెట్టండి. కూర్చోలేకపోతే నడవండి. వచ్చినదానికి పేరు పెట్టండి: "ఇది భయం", "ఇది అసూయ". పాత గాయం ఏదైనా తెరుచుకుని నిద్ర పట్టనివ్వకపోతే ఒంటరిగా మోయకండి, కౌన్సెలర్‌ను కలవండి.

ఖాళీ సమయంలో ఏం చేయాలి? ధ్యానం తప్పనిసరా?

తప్పనిసరి కాదు. కొందరికి ధ్యానం, కొందరికి తోటపని, కొందరికి రాసుకోవడం. రమణ మహర్షి చెప్పిన పద్ధతి నాకు దగ్గరగా అనిపించింది: ఆలోచన వచ్చినప్పుడు దాని వెంట పరుగెత్తకుండా, "ఇది ఎవరికి వచ్చింది?" అని వెనక్కి తిరిగి చూడటం. జవాబు కోసం తొందరపడకపోతే, ఆ చూపులో కాసేపు నిశ్శబ్దం దొరుకుతుంది.

ఇదే నా అసలు స్వభావం అని ఎలా గుర్తుపట్టాలి?

నేను మూడు సంగతులు చూస్తాను. ఎవరికీ తెలియదని రూఢిగా తెలిసినా అది చేస్తానా? చేశాక ఎవరికైనా చెప్పుకోవాలనిపిస్తోందా, లేక చేయడంతోనే కడుపు నిండిందా? ఉత్సాహం చల్లారిన రోజుల్లో కూడా అది మిగిలిందా? మూడింటికీ నిలిచినవి నా విషయంలో చాలా తక్కువ, చాలా మామూలువి. పిల్లలకు లెక్కలు చెప్పడం అందులో ఒకటి. చిన్నప్పుడు పెద్దగా పట్టించుకోని ఇష్టమది.

నాలో కనబడిన మనిషి నాకు నచ్చలేదు. ఇప్పుడెలా?

ఈ ప్రశ్న అడిగినవాళ్ల మీద నాకు గౌరవం. అసలైన 'నేను' అంటే వెలుగులతో నిండిన ఏదో దొరుకుతుందని చెప్పేవాళ్లు ఎక్కువ. ముందు కనిపించేది మాత్రం చాలాసార్లు పిరికితనం, పోలిక, పొగడ్త మీద ఆకలి. నాకు కనబడింది అసూయ. స్నేహితురాలికి మంచి జరిగినప్పుడల్లా నేను ఏదో ఒకటి కొనేదాన్నని పాత బిల్లులు, తేదీలు చూస్తుంటే అర్థమైంది. సిగ్గుతో ఒక వారం ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

తర్వాత నాకు తోచింది ఇది. ఆ అసూయను చూసి సిగ్గుపడినది కూడా నేనే కదా. చూసే ఆ చూపులో అసూయ లేదు. దాన్ని పట్టుకుని ముందుకు వెళ్లాను. అసూయ ఇప్పటికీ వస్తుంది. వచ్చినప్పుడు దుకాణానికి వెళ్లడం మానేసి ఆమెకే ఫోన్ చేస్తున్నాను.

## ఏళ్లు గడిచాక

మళ్లీ పాత అలవాట్లలో పడిపోయాను. మొత్తం వృథాయేనా?

కాదు. ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి ప్రచురించిన అధ్యయనంలో ఒక అలవాటు స్థిరపడటానికి సగటున 66 రోజులు పట్టింది, ఒక్కొక్కరి లెక్క 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినందువల్ల పెద్ద తేడా రాలేదు. 21 రోజుల్లో మారిపోవాలన్న మాట నమ్మి కుంగిపోకండి. ఆగిన చోట మళ్లీ ఒక సొరుగు తెరవండి.

నిరాడంబరత కూడా అహంకారం అవుతుందా?

అవుతుంది, అదీ చాలా నిశ్శబ్దంగా. ప్రాచీన గ్రీసులో అంతిస్థెనీస్ అనే తత్వవేత్త తన అంగీ చిరుగు అందరికీ కనబడేలా తిప్పుకుంటే, ఆ చిరుగులోంచి నీ కీర్తికాంక్షే కనబడుతోందని సోక్రటీస్ అన్నాడని చెబుతారు. ఎవరి ఇంట్లోనైనా సామాను చూసి మీ మనసు లెక్కలు కట్టడం మొదలుపెడితే, ఆ లెక్కను కూడా వదిలేయాల్సినవాటిలో రాసుకోండి.

ఇది ఎప్పటికి పూర్తవుతుంది?

నాకు పూర్తి కాలేదు. ఏటా ఒకసారి నోటుపుస్తకం తీసి, ఇవ్వలేకపోయినవాటి జాబితా చదువుకుంటాను. నిరుటి జాబితాలో పదకొండు ఉన్నాయి, ఈ ఏడాది ఏడు. ఆ ఏడింటిలో నాలుగు వస్తువులు కావు: ఒక పాత గొడవలో నాదే న్యాయమన్న పట్టు, ఒకరి క్షమాపణ కోసం ఎదురుచూపు, బాగా రాస్తానన్న పేరు, పిల్లలు నాలాగే ఉండాలన్న కోరిక. ప్రస్తుతం మొదటిదాని దగ్గర ఉన్నాను. పోయిన వారం ఉత్తరం రాశాను, ఇంకా పోస్టు చేయలేదు.